పక్షవాతం: గుర్తుపట్టడం, రాకుండా చూసుకోవడం – నారాయణఖేడ్ ప్రాంతం

మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోయినా, అక్కడి రక్తనాళం చిట్లినా ఆ భాగం చేసే పని ఉన్నట్టుండి ఆగిపోతుంది. దీన్ని వైద్యులు బ్రెయిన్ స్ట్రోక్ అంటారు. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ చుట్టుపక్కల పక్షవాతమనీ, లక్వా అనీ, ‘కాలూ చెయ్యీ పడిపోయింది’ అనీ చెబుతారు. ప్రపంచవ్యాప్త లెక్కల ప్రకారం ఇరవై ఐదేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది రావచ్చు. గుండెపోటు వచ్చినవాడు ఛాతీ పట్టుకుని కూలబడతాడు కాబట్టి ఇంట్లోవాళ్లు వెంటనే బండి వెతుకుతారు. పక్షవాతంలో చాలామందికి నొప్పే ఉండదు. చెయ్యి జారిపోతోందంటే ‘తిమ్మిరెక్కిందేమో, కాసేపు పడుకో’ అంటారు. ఈ జబ్బులో జరిగే నష్టంలో చాలాభాగం ఆ కాసేపట్లోనే జరుగుతుంది.

1956 వరకు నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్‌ జిల్లాకు వచ్చింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక అందులో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. పటం మారినా రాకపోకలు మారలేదు. పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ ఒక ఇంటివాళ్లు బీదర్ వైపు, ఇంకో ఇంటివాళ్లు జహీరాబాద్ వైపు, మరొకరు సంగారెడ్డి మీదుగా హైదరాబాదు వైపు బండి తిప్పుతారు. హైదరాబాదు నూరు కిలోమీటర్ల పైమాటే. బీదర్ అందులో సగం దూరం. ఊళ్లో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. పక్షవాతం విషయంలో మాత్రం ఆసుపత్రి ఉందా లేదా అన్నదానికంటే, ఆ వేళకు సీటీ స్కాన్ తీసి, చూసి చెప్పే మనిషి ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న.

ఏం జరుగుతుంది

పక్షవాతంలో ప్రధానంగా రెండు రకాలు. రక్తపు గడ్డ అడ్డుపడి నాళం మూసుకుపోవడం మొదటిది. ఎక్కువమందికి వచ్చేది ఇదే. నాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం రెండోది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో దీని వాటా ఎక్కువ. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎంత అనుభవమున్న వైద్యుడైనా చెయ్యి పట్టి చూసి ఇది గడ్డ, ఇది రక్తస్రావం అని ఖాయంగా చెప్పలేడు. ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి ప్రాణాంతకం కావచ్చు. అందుకే సీటీ స్కాన్ లేకుండా అసలు చికిత్స మొదలుకాదు.

పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. అవి మళ్లీ పుట్టవు. అయితే గడ్డ చుట్టూ కొంత ప్రాంతం పక్క నాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో కొన్ని గంటలు పని చేయకుండానే బతికి ఉంటుంది. చికిత్స ఆరాటమంతా ఆ ప్రాంతం కోసమే.

హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం ఏళ్ల తరబడి స్ట్రోక్ రోగుల రిజిస్ట్రీ నడిపింది. పాశ్చాత్యుల్లో మెడలోని నాళాలు పూడుకుపోవడం ఎక్కువైతే, మనవాళ్లలో పుర్రె లోపలి నాళాలు సన్నబడడం ఎక్కువని అందులో కనిపించింది. అదే సంస్థ 2012లో సిరల్లో గడ్డకట్టడం వల్ల వచ్చే అరుదైన రకం గురించి 428 మంది వివరాలు ప్రచురించింది. వాళ్ల సగటు వయసు ముప్ఫై ఒకటి. ఇది బాలింతల జబ్బని అంతకుముందు అనుకునేవారు. ఈ లెక్కలో సగానికి పైగా మగవాళ్లే. రక్తహీనత, మద్యం ముఖ్యమైన కారణాల్లో ఉన్నాయి. బాలింతల సంగతీ చిన్నది కాదు. కాన్పయ్యాక రక్తం సహజంగానే త్వరగా గడ్డకట్టేలా ఉంటుంది. అప్పుడు ‘పచ్చి ఒళ్లు, నీళ్లు తాగకూడదు’ అని దాహానికి కూడా నీళ్లివ్వని ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. కాన్పైన కొన్ని వారాల్లోపు బాలింతకు తగ్గని తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తే గాలి సోకిందనుకోకుండా మెదడు స్కాన్ చేయించాలి.

గుర్తుపట్టడం

ముఖం, చెయ్యి, మాట. ఇంట్లోవాళ్లు ఈ మూడు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో 1998లో అంబులెన్స్ సిబ్బంది కోసం రూపొందించిన ఫాస్ట్ పరీక్ష ఈ మూడింటి మీదే నిలబడింది, నాలుగోది సమయం.

మనిషిని నవ్వమనాలి, లేదా పళ్లు కనబడేలా ‘ఈ’ అనమనాలి. మూతి ఒక పక్కకు లాగి, రెండో పక్క జారిపోతే అనుమానించాలి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకోమనాలి. పది అంకెలు లెక్కపెట్టేలోగా ఒక చెయ్యి తనకు తెలియకుండానే మెల్లగా తిరిగి కిందికి దిగుతుంటే అది నీరసం కాదు. తర్వాత ఒక మాట చెప్పించాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. నారాయణఖేడ్‌లో ఒకే వీధిలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ మాట్లాడతారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే అవ్వను తెలుగులో వాక్యం చెప్పమంటే తడబడవచ్చు. ఆ తడబాటు జబ్బుది కాకపోవచ్చు. ఆమె భాషలో, ఆమె మనవడి చేతే అడిగించాలి. మాట ముద్దగా రావడం ఒక రకం. మాట స్పష్టంగానే ఉండి అర్థంలేకుండా సాగడం, అడిగింది అర్థం కాక వేరే ఏదో చేయడం ఇంకో రకం. ఈ రెండో రకాన్ని ‘మతి తప్పింది’, ‘తాగాడు’ అని కొట్టేస్తుంటారు.

ఈ మూడింటికీ అందనివీ ఉన్నాయి. ఒక్కసారిగా ఒక కంట్లోనో, రెండు కళ్లలో ఒకే పక్కనో చూపు పోవడం, ఒకటి రెండుగా కనబడడం, నిలబడలేనంతగా తూలిపోవడం, జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి పిడుగులా రావడం కూడా పక్షవాత లక్షణాలే. అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉండేది ఆకస్మికత. నెల రోజులుగా మెల్లమెల్లగా పెరిగిన తిమ్మిరికి కారణం సాధారణంగా వేరే ఉంటుంది.

మూతి వంకరైన ప్రతివాళ్లదీ పక్షవాతం కాదు. ముఖనరం వాచి వచ్చే బెల్స్ పాల్సీలో నుదురు కూడా ముడతపడదు, ఆ పక్క కన్ను మూతపడదు, కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి. పక్షవాతంలో సాధారణంగా నుదురు రెండు పక్కలా ముడతపడుతుంది. ఈ తేడా తేల్చే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకూడదు, దవాఖానలో తేలుతుంది. రక్తంలో చక్కెర బాగా పడిపోయినా ఒక పక్క చచ్చుబడి మాట పోయే అవకాశం ఉంది. షుగర్ మందులు వాడేవాళ్లకు వేలు గుచ్చి చక్కెర చూడడం అంబులెన్స్‌లోనే జరగాలి.

కొందరికి పది నిమిషాలో, గంటో మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మళ్లీ అంతా మామూలైపోతుంది. ‘దేవుడి దయ, తప్పింది’ అనుకుని చేనుకు వెళ్లిపోతారు. వైద్యులు ఎక్కువ భయపడేది ఈ కేసుల గురించే. అసలు పక్షవాతం వచ్చే అవకాశం తర్వాతి రెండు మూడు రోజుల్లో చాలా ఎక్కువ. ఇలాంటివాళ్లను ఆలస్యం చేయకుండా పరీక్షించి మందులు మొదలుపెడితే ఆ ముప్పు 80 శాతం తగ్గిందని ఆక్స్‌ఫర్డ్‌లో జరిగి 2007లో వెలువడిన ఎక్స్‌ప్రెస్ అధ్యయనం చూపించింది.

ఇంటి దగ్గర గంట

గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఆల్టెప్లేజ్. మూడు గంటల్లోపు ఇస్తే పనిచేస్తుందని 1995లో అమెరికాలో రుజువైంది. 2008లో యూరప్ అధ్యయనంతో గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. ఇప్పుడు టెనెక్టెప్లేజ్ అనే మందూ వాడుతున్నారు. ఆల్టెప్లేజ్‌ను గంటసేపు ఎక్కించాలి. టెనెక్టెప్లేజ్‌ను ఒక్కసారే నరానికి ఇచ్చేయవచ్చు. దూరం వెళ్లాల్సిన ఊళ్లకు ఈ తేడా చిన్నది కాదు. ప్రమాదం లేని మందులని కాదు: 1995 నాటి పరీక్షలో మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతానికి మెదడులో రక్తస్రావమైంది, తీసుకోనివాళ్లలో 0.6 శాతానికే. అయినా మూడు నెలల తర్వాత తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు మందు తీసుకున్న వర్గంలోనే ఎక్కువ. పెద్ద నాళంలో గడ్డ ఉంటే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి బయటికి లాగేస్తారు. 2015లో వరుసగా వచ్చిన అయిదు అధ్యయనాలు దీన్ని స్థిరపరిచాయి. 2018 తర్వాత, స్కాన్‌లో బతికున్న మెదడు కనిపించినవాళ్లకు 24 గంటల వరకు కూడా చేస్తున్నారు.

ఇక లెక్క వేద్దాం. నారాయణఖేడ్ దగ్గరి పల్లె నుంచి హైదరాబాదు పెద్దాసుపత్రికి నగరంలోని ట్రాఫిక్‌తో కలిపి రెండు, రెండున్నర గంటలు. అక్కడ స్కాన్, రక్తపరీక్ష, నిర్ణయం, ఇంజెక్షన్‌కు ఇంకో గంట. నాలుగున్నరలో ఇవి తీసేస్తే ఇంట్లోవాళ్ల చేతిలో మిగిలేది గంట. ఆ గంటలోనే పక్క ఊళ్లో ఉన్న కొడుక్కి ఫోన్ వెళ్తుంది; అతను వచ్చాక చూద్దామంటారు; ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ ఎక్కిస్తాడు; డబ్బు ఎవరి దగ్గరుందన్న మాట వస్తుంది. రోడ్డును ఇంట్లోవాళ్లు కుదించలేరు. అకోలా దాకా పోయే 161వ జాతీయ రహదారి వచ్చి ప్రయాణాన్ని ఇప్పటికే కొంత కుదించింది. వాళ్లు కుదించగలిగింది ఈ గంటే. దూరం వల్లే నారాయణఖేడ్‌వాళ్లకు ఇంజెక్షన్ అందదని అనుకోవడం సగమే నిజం.

ఆ గంటలో చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. 108కు ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ దేశమంతా పాకింది. ఫోన్లో ‘పక్షవాతం లక్షణాలు, ఇన్ని గంటలకు మొదలైంది’ అని చెప్పాలి. స్కాన్ రాత్రీ పగలూ జరిగే ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగాలి. మధ్యలో స్కాన్ లేని రెండు చోట్ల ఆగితే గడువు అక్కడే అయిపోతుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. నోట్లో నీళ్లు, చాయ్, గోలీ ఏదీ వేయకూడదు. మింగే కండరాలూ పడిపోయి ఉండవచ్చు; తర్వాత న్యుమోనియాతో పోయేవాళ్లలో చాలామందికి ఇదే మూలం. గుండెపోటుకు పెట్టినట్టు ఆస్పిరిన్ పెట్టకూడదు, అది రక్తస్రావమైతే చేటు చేస్తుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద మందు పిండి ఒక్కసారిగా దించడమూ తప్పే. నాళం మూసుకున్న మెదడుకు ఆ కొద్దిపాటి రక్తాన్ని నెట్టేది ఆ బీపీయే. ఇంజెక్షన్ ఇవ్వాల్సినప్పుడు దాన్ని 185/110 కిందికి ఆసుపత్రిలో జాగ్రత్తగా తెస్తారు. వాడుతున్న గోలీల చీటీ, ఆధార్, రేషన్ కార్డు సంచిలో పెట్టుకుంటే చాలు. ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలైంది. కార్డులు వెంట ఉంటే దానికోసం కౌంటర్ దగ్గర వెతుక్కునే పని తప్పుతుంది.

ఆసుపత్రిలో మొదట అడిగేది ‘ఎప్పుడు వచ్చింది’ అని కాదు, ‘చివరిసారి బాగా ఉండగా ఎవరు, ఎప్పుడు చూశారు’ అని. పొద్దున ఆరింటికి లేవలేకపోయినవాడు రాత్రి తొమ్మిదింటికి రొట్టె తిని పడుకుంటే గడియారం తొమ్మిదింటి నుంచే మొదలు. మధ్యలో రెండింటికి లేచి బయటికెళ్లి వచ్చాడని, భార్యతో మాట్లాడాడని ఎవరైనా చెబితే అయిదు గంటలు కలిసొస్తాయి. ఇంజెక్షన్ అందడం, అందకపోవడం ఆ ఒక్క మాట మీద తేలిన సందర్భాలున్నాయి. కాబట్టి బండిలో వెంట వెళ్లాల్సింది ఊరి పెద్దమనిషి కాదు, రాత్రి ఆ ఇంట్లో ఉన్న మనిషి.

పసరు పోయించడం, పావురం రక్తం పూయడం తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఎంత చెప్పినా ఇవి పోకపోవడానికి కారణం జనం అమాయకత్వమే అనుకోను. పక్షవాతం చాలామందిలో మొదటి మూడు నెలల్లో తనంతట తానే కొంత తగ్గుతుంది. కొందరిలో గంటలోనే తగ్గుతుంది. ఆ సమయంలో ఎవరు చేయిపెడితే పేరు వాళ్లకే. నాటువైద్యం చుట్టూ వినిపించే కథలన్నీ తగ్గినవాళ్లవే. తగ్గనివాళ్లు మంచం మీదున్నారు, వాళ్ల కథ ఎవరూ చెప్పరు.

రాకుండా చూసుకోవడం

ఇండియాతో సహా 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం 2016లో తేల్చిందేమిటంటే, పక్షవాతాల్లో 90 శాతానికి మార్చుకోగల పది కారణాలే మూలం. అందులో అన్నిటికంటే పెద్దది రక్తపోటు. పైఅంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు పావువంతుకు పైగా తగ్గుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 31 శాతానికి, ఆడవాళ్లలో 26 శాతానికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు.

బీపీకి లక్షణాలుండవు. ‘తల తిరిగినప్పుడు వేసుకుంటా’ అని గోలీ డబ్బా గూట్లో పెట్టేవాళ్లే ఎక్కువ. ఇంకో కారణం అంతగా బయటికి రాదు: సర్కారు దవాఖానల్లో ముందుగా ఇచ్చే ఆమ్లోడిపిన్‌తో కొందరికి మడమల దగ్గర వాపు వస్తుంది. ‘గోలీ కిడ్నీకి పట్టింది’ అని భయపడి ఆపేస్తారు. ఆ వాపు కిడ్నీది కాదు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తాడు, లేదా టెల్మిసార్టన్ లాంటిది రాస్తాడు. ఈ ఒక్క సంగతి ఆశా కార్యకర్త ముందే చెప్పి ఉంటే మందు ఆపేవాళ్లు ఎంత తగ్గేవారో.

గోలీలు ఆగడానికి మూడో కారణం వలస. నారాయణఖేడ్ తండాల నుంచి చెరుకు నరకడానికి కర్ణాటక, మహారాష్ట్రలకు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోవడం దశాబ్దాలుగా ఉన్నదే. నెలల తరబడి ఫ్యాక్టరీల దగ్గర గుడిసెల్లో ఉండే మనిషికి ఊరి ఉపకేంద్రంలో నెలకోసారి ఇచ్చే గోలీలు ఎలా అందుతాయి? 2017 నవంబరులో మొదలైన భారత హైపర్‌టెన్షన్ కంట్రోల్ కార్యక్రమంలో తెలంగాణ తొలి అయిదు రాష్ట్రాల్లో ఒకటి. ఒకే చికిత్సా పద్ధతి, ఇంటి దగ్గరే మందు, రాకపోతే వెతుక్కుని వెళ్లడం అందులోని సూత్రాలు. ఆ పద్ధతి వలస కుటుంబాల దగ్గరికొచ్చేసరికి కష్టపడుతుంది. బయలుదేరే ముందు సీజనుకు సరిపడా గోలీలు కట్టి ఇవ్వడం కంటే తేలికైన దారి కనిపించదు.

బీపీ చూపించుకునేటప్పుడు అయిదు నిమిషాలు కూర్చోవాలి. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ, తంబాకు ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తున ఆనించాలి. వరుసలో నిలబడి, ఎండలో నడిచొచ్చి, మాట్లాడుతూ చూపించుకున్న అంకెను నమ్మలేం. పలుమార్లు చూసినా 140/90 దాటుతుంటే బీపీ ఉన్నట్టే.

ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు చాలంటుంది. మనవాళ్లు తినేది దానికి దాదాపు రెట్టింపు. ఇక్కడి జొన్నరొట్టె మంచి తిండే, దాని మీద తప్పు లేదు. రొట్టె పక్కన వచ్చే పచ్చిమిరప కారం, మామిడి తొక్కు, అప్పడం, ఇప్పుడు పిల్లల చేతుల్లోని కుర్‌కురేలే ఉప్పు మోసుకొస్తాయి. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21 వేలమంది మీద జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. సగం పల్లెల్లో మామూలు ఉప్పు బదులు పావువంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. వంట మారలేదు, రుచి పెద్దగా మారలేదు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకు ఈ ఉప్పు డాక్టరును అడగకుండా పనికిరాదు. రేషన్ దుకాణాల్లో ఇలాంటిది పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన మన దగ్గర ఇంకా గట్టిగా మొదలవ్వలేదు.

బీడీ, గుట్కా, షుగర్, కొవ్వు, అతిగా తాగుడు – వీటి గురించి అందరికీ తెలుసు. అంతగా తెలియనిది గుండె లయ తప్పడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ లయలోపం ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు అయిదు రెట్లు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లలో ఈ లయలోపం చిన్న వయసులోనే వస్తుంది. మణికట్టు దగ్గర నాడి క్రమం లేకుండా, ఒకటి గబగబా ఒకటి నింపాదిగా కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించాలి. వీళ్లకు ఆస్పిరిన్ సరిపోదు. రక్తం గడ్డకట్టకుండా వేరే మందు, దానికి తగ్గ రక్తపరీక్షలు కావాలి.

తర్వాత

బతికి బయటపడ్డవాళ్లు ఇంటికొచ్చాక పని మొదలవుతుంది. పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపకూడదు. భుజం కీలు జారి, జీవితాంతం నొప్పి మిగులుతుంది. నడుము దగ్గర పట్టి లేపాలి. కుటుంబసభ్యులకే వ్యాయామాలు నేర్పి ఇంటి దగ్గర చేయిస్తే ఫిజియోథెరపిస్టుల కొరత తీరుతుందని ఒక ఆశ ఉండేది. మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన అటెండ్ అధ్యయనం దాన్ని పరీక్షించింది. 2017లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది: నేర్పినవాళ్లకూ నేర్పనివాళ్లకూ తేడా కనిపించలేదు. ఇంట్లోవాళ్ల ప్రేమ శిక్షణ పొందిన మనిషికి బదులు కాదని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

నారాయణఖేడ్ లాంటి సరిహద్దు ఊరికి ప్రత్యేకంగా పనికొచ్చే ఫలితం ఒకటి నిమ్స్ నుంచే వచ్చింది. డాక్టర్ సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్ బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించింది. పక్షవాతం తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా మిగిలినవాళ్లు, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం. చదువు, వయసు, బీపీ లాంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా నిలిచింది. మాట పోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. మాట తిరిగి నేర్పే పరీక్షలు, అభ్యాసాలు తెలుగులో కొన్ని ఉన్నాయి. మాట కోల్పోయిన తండా మనిషికి లంబాడీలో నేర్పాలంటే, పక్కన కూర్చుని తర్జుమా చేసే కోడలో మనవరాలో ఉండాల్సిందే.